ఫిరంగి పక్కన డాక్టరు దొర

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నాకు డైరీ రాసే అలవాటుంది. అందులో ఎక్కువగా వానలు, బస్సులు, పరీక్షలు, బియ్యం తెచ్చుకున్న సంగతులే ఉంటాయి. నిర్మల్‌లో మా ఇంటి యజమానికి కంటి ఆపరేషన్ జరిగిన వారం ఏం రాశానో తీసి చూస్తే, ఆయనను దవాఖానలో చేర్పించామనీ, సోన్ వంతెన దగ్గర గోదావరి నిండుగా ఉందనీ ఉంది, అంతే. కాబట్టి ఇక్కడ రాస్తున్నదంతా జ్ఞాపకం మీద రాస్తున్నదే.

బడుల్లో ఉర్దూ పోయి తెలుగు వచ్చాక ఉద్యోగం దొరికినవాళ్లలో నేనూ ఒకణ్ని. చరిత్ర నేను చదివింది ఉర్దూలో, చెప్పాల్సింది తెలుగులో. పాఠ్యపుస్తకంలో ఉన్న ఒకటి రెండు బొమ్మలు సిరా ఒలికిన మరకల్లా ఉండేవి. పైగా అందులో ఎక్కడెక్కడి యుద్ధాలో ఉన్నాయిగాని మా ప్రాంతం ఊసే లేదు. గోండులు, రోహిల్లాలు కలిసి తెల్లవాళ్ల పటాలాన్ని నిర్మల్ గుట్టల్లో ఎదిరించిన కథ ఊళ్లో ముసలివాళ్లందరికీ తెలుసు, పుస్తకానికే తెలియదు.

నేను అద్దెకున్నది ఒక నక్కాషు ఇంట్లో. పొణికి కర్రతో బొమ్మలు చేసి రంగులు వేసే కళాకారులను అక్కడ నక్కాషులంటారు. ఆయన చేసిన సీతాఫలం పళ్లెంలో పెడితే వచ్చినవాళ్లు నిజమైందనుకొని చేయి చాపేవారు. నేను ఆయనను మామా అనీ, ఆయన భార్యను అత్తా అనీ పిలిచేవాణ్ని. ఆయనకు నేను ‘సారు’ను. వాళ్లకు ఒక్కడే కొడుకు. ఈ పని వద్దని కాగజ్‌నగర్ కాగితం మిల్లుకు పోయాడు.

మరునాటి పాఠం ముందురోజు సాయంత్రం పైకి చదువుకోవడం నా పద్ధతి. మామ అరుగు మీద బొమ్మలకు పూత పెడుతూ వినేవాడు. ఒకనాడు నేను పుస్తకం పక్కన పెట్టి, మా నిర్మల్ కథనే పిల్లలకు ఎట్లా చెప్పాలా అని నోటితో అల్లుకుంటున్నాను. మామ చేయి ఆపాడు.

"సారూ, గీ కథల పేలే తోపులున్నయ్, గుర్రాలున్నయ్, గోదారి పొంగుతున్నది. పోరగాళ్లకు గిన్ని మాటలెందుకు? నేను ఏసిస్త, గోడకు తగిలెయ్యి."

హెడ్మాస్టరు సరేనన్నారు. అత్త చింతగింజలు ఉడికించి, రుబ్బి, ఆ పేస్టును పెద్ద పెద్ద చెక్కలకు పొరలు పొరలుగా పట్టించి గాజు పెంకులా నునుపు చేసింది. మామ ఉడుత వెంట్రుకల కుంచె పట్టుకొని కూర్చున్నాడు. తెల్ల పటాలాన్ని నడిపిన కెప్టెన్ దగ్గర మొదటి చిక్కు వచ్చింది.

"కెప్టెన్ అంటే ఎట్లుంటడు సారూ?"

"ఎర్ర కోటు, నడుముకు కత్తి, పొడుగు టోపీ."

"బట్టలు గాదయ్యా. మొఖం."

నేను పుస్తకంలో ఉన్న మరకను చూపించాను. ఆయన దాన్ని వెలుగుకు పట్టి చూసి, మూసి ఇచ్చేశాడు. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఏమీ అడగలేదు. నాలుగో నాడో ఐదో నాడో బడి నుంచి వచ్చేసరికి గోదావరి వరదలో పుట్టి మీద కెప్టెన్ నిలబడి ఉన్నాడు. పొడుగు ముక్కు, బయటికి విచ్చుకున్న చెవులు, చీపురు కట్టల్లాంటి తెల్ల కనుబొమలు, ఎర్రగా ముడతలు పడ్డ మెడ. కత్తి ఎడమ చేతిలో ఉంది.

"మామా! గీయన మా డాక్టరు దొర గదా!"

గోదావరికి అవతల, కరీంనగర్ జిల్లాలో ఉన్న మిషన్ దవాఖాన డాక్టరు ఆయన. మా బాపు ఆయన దగ్గరే కాంపౌండరు. నేను పుట్టింది ఆ దవాఖానలో, పెరిగింది దాని వెనక ఇళ్లలో. ఎడమ చేతివాటం దొర రాసే చీటీలు చదవడం మా బాపుకు తప్ప ఎవరికీ వచ్చేది కాదు. కిందటేడు ఆయన నిర్మల్ వచ్చి చెట్టు కింద బల్ల వేసుకొని రోగులను చూసినప్పుడు మామ అత్తను తీసుకుపోయాడు. ఆమె దగ్గు అప్పుడే తగ్గింది.

"మరి?" అన్నాడు మామ. "నా పుట్టువడిల నేను చూసిన తెల్లాయన గా ఒక్కడే. ఇంకొకన్ని తోల్కరా, గాయన మొఖం ఏస్త."

"ఎందరి పానాలో నిలబెట్టిన మనిషి మామా."

"మనిషి మంచోడే. నేను కాదన్ననా? నాకు మొఖం గావాలె."

అత్త రుబ్బురోలు దగ్గర నుంచి అందుకుంది. "నా దగ్గు తక్కువ జేసిన పాపానికి గాయనకు గిదా ఇనాం?"

అట్లా ప్రతి చెక్క మీదా కెప్టెన్‌గా డాక్టరు దొరే వచ్చాడు. అడవిలో పులి ఎదురైతే తుపాకీ గురిపెట్టింది ఆయనే. బంగళాలో దీపం పక్కన దుర్వార్త చదువుకుంటున్నదీ ఆయనే. కోట గోడ మీదికి ఫిరంగి పేల్చమని కత్తి ఎత్తిందీ ఆయనే. ఎదుట కోట మీద ఉన్న మా వీరులను మామ తన ఇంటి పద్ధతిలో వేశాడు. పక్క నుంచి కనబడే మొఖం, చేప లాంటి కన్ను, కొనదేరిన ముక్కు, మెలి తిరిగిన మీసం. వీరుడంటే అట్లాగే వెయ్యాలని వాళ్ల తాత నేర్పాడు. ఎంత అందంగా ఉన్నారో అనుకున్నామే తప్ప నాకుగాని, హెడ్మాస్టరుకుగాని, ఊళ్లో ఇంకెవరికిగాని ఇంకేమీ తోచలేదు.

బడి వార్షికోత్సవం నాడు చెక్కలు గోడకు ఎక్కాయి. ఊరు ఊరంతా వచ్చింది. గుమ్మంలోనే ఎవరో కేక పెట్టారు. "అరె, గిటు సూడుండ్రిరా! డాక్టరు దొర తోపు పేలుస్తుండు!"

ఇక నవ్వులే నవ్వులు. సూది మందు వేయించుకున్నవాళ్లు, పళ్లు పీకించుకున్నవాళ్లు కెప్టెన్‌ను వేలితో చూపించి పాత పగలు చెప్పుకున్నారు. మామ ఒక మూలన నిలబడి మురిసిపోయాడు. "గుర్తుపట్టిండ్రంటె మంచిగొచ్చినట్టే గద సారూ!"

మిగిలింది ఆఖరి చెక్క. అన్నిటికన్నా పెద్దది, గుట్ట మీద యుద్ధం, కింద వరద గోదావరి. మనుషులందరినీ వేసి చివరికి కళ్లు పెట్టడం నక్కాషుల ఆచారం. ఒకే పొద్దున, స్నానం చేసి, కూర్చున్న చోటు నుంచి లేవకుండా అందరికీ కళ్లు పెట్టేయాలి. ఆ పొద్దు మామకు ఎంతకూ రాలేదు. మొగులు పట్టి వెలుగు చాలదని ఒకసారి, కుంచె చీలిందని ఒకసారి వాయిదా వేశాడు. గుట్ట మీద గుంపంతా కళ్లు లేకుండా నిలబడి ఉండిపోయింది.

సంగతి ముందు కనిపెట్టింది అత్త. ఒకనాడు ఎండబెట్టిన చిన్న బొమ్మల్లో ఒకదానికి కన్ను చెంప మీద ఉంది. ఆమె ఏమీ అనకుండా తడిగుడ్డతో తుడిచి మళ్లీ వరుసలో పెట్టింది. మరునాడు ఇంకో రెండు. మూడో నాడు తుడవలేదు. బొమ్మను తెచ్చి మామ చేతిలో పెట్టి, ఆయన వేలిని దాని చెంప మీద ఆనించింది. ఆయన ఆ తడి రంగును వేలితోనే తుడిచేశాడు.

సర్కారు దవాఖాన కాంపౌండరు టార్చి వేసి చూసి రెండు కళ్లలోనూ మోతిబిందు అన్నాడు. కంట్లో తెల్లటి పొర పెరిగే జబ్బది. కోసి తీయాలి. తీసే చెయ్యి ఈ చుట్టుపక్కల ఒక్కటే, మా డాక్టరు దొరది.

"నేను పోను," అన్నాడు మామ.

"గట్లెట్ల మామా?"

"గాయన్ని తోపు కాడ నిలబెట్టిన. చేతిల కత్తి బెట్టిన. ఊరంత నవ్విండ్రు. గా ముచ్చట గాయన దాక పోకుంటదా? ఇప్పుడు గదే చేత్తోటి కత్తి పట్టుకొని నా కంటికాడికి వస్తడు. నువ్వైతే పోతవా?"

నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. ఆయన నిజంగానే భయపడ్డాడు. కన్ను పోతే ఆ ఇంట్లో బొమ్మలకు కళ్లు పెట్టేవాళ్లు లేరు. కొడుకు ఎట్లాగూ కుంచె పట్టడు. అరుగు మీద వరుసగా నిలబడ్డ బొమ్మలు రోజురోజుకూ గుడ్డిగా పెరిగిపోతున్నాయి. అయినా ఆయన కదల్లేదు. నెల గడిచింది.

చివరకు అత్త ప్రయాణం కట్టింది. "నా దగ్గు తిరగబెట్టింది, దవాఖానకు పోవాలె, తోడు రా" అన్నది. మామ ఒప్పుకున్నాడు. నాకు సెలవులు. ముగ్గురం బస్సెక్కాం. ఆమె చంకలో గొంగడిలో చుట్టిన పెద్ద మూట ఉంది. పడక సామాను అనుకున్నాను. సోన్ వంతెన మీద మామ కిటికీలోంచి చూస్తూ, "గోదారి నిండింది గద?" అని నన్ను అడిగాడు. చప్పుడును బట్టి అడుగుతున్నాడని అర్థమైంది.

దవాఖాన వరండాలో మా బాపు ఎదురొచ్చాడు. అత్త బల్ల మీద మూట పెట్టి గొంగడి విప్పింది. ఫిరంగి చెక్క! సెలవులని బడి గోడ నుంచి ఎప్పుడు దింపించుకొచ్చిందో. మామ చేత్తో తడిమి, అంచు మీది చెక్కుడు గుర్తుపట్టి, లేచి నిలబడ్డాడు.

"ఓసి నీ... గిదెందుకు తెచ్చినవే?"

"ముందే చూపెడదాం. తిడితే ఇప్పుడే తిట్టనీ. కన్ను కోసినంక తెలిసేకంటె గిదే నయం," అన్నది అత్త. దగ్గు సంగతి అప్పటికే మరిచిపోయింది.

బాపు ఆ బొమ్మను చూసి మొఖం మాడ్చుకున్నాడు. "ఏందిర గిది? దొరను గిట్ల జేస్తరా? ముప్పై ఏండ్ల సంది గాయన మనకు చేసిన సేవకు తోపు పక్కన నిలబెడ్తరా?" అని నన్ను పట్టుకున్నాడు. అంతలో దొర వార్డులోంచి బయటికొచ్చాడు.

దొర తెలుగు పుస్తకాల్లో నేర్చింది కాదు, రోగుల దగ్గర నేర్చింది. అందుకే మా అందరి లాగే మాట్లాడేవాడు. చెక్క ముందు వంగి, కళ్లజోడు తీసి, పెట్టి, మళ్లీ తీసి చూశాడు. బాపు చేతులు నలుపుకుంటున్నాడు. మామ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నా ముక్కు గింత పొడుగుంటదా?" అన్నాడు దొర.

తన ముక్కును తానే వేలితో కొలిచి చూసుకున్నాడు.

"కత్తి ఎడమ చేతిల ఉన్నది. గిది మాత్రం మంచిగ చూసిండు." కోట గోడ మీది తలలను ఇంకాసేపు చూసి, నెమ్మదిగా అన్నాడు. "మా తాత పటాలంల ఉండె. గీ దేశంల కాదు, ఇంకో దేశంల. చిన్నప్పుడు ఆయన తొడ మీద కూసోని కథలు విన్న. గోడకు గీ పక్క ఎవరుండిరో ఆయన చెప్పలే, నేనడగలే." తర్వాత మామ భుజం మీద చెయ్యి వేశాడు. "ఏసింది నువ్వేనా? రా, కన్ను చూస్త. భయపడకు. గీ కత్తి చానా చిన్నది."

బొమ్మను కంటి వార్డులో పెట్టమని బాపుకు చెప్పి లోపలికి పోయాడు. "కండ్లకు గుడ్డలు కట్టుకొని పండుకునే వార్డుల బొమ్మంట!" అని బాపు గొణిగాడు, అయినా తానే మేకు కొట్టి తగిలించాడు.

ముందు కుడి కంటికి ఆపరేషన్ అయింది. రెండు కళ్లకూ కట్టు కట్టి, తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టారు. దగ్గొద్దు, తుమ్మొద్దు, నవ్వొద్దు. పక్క మంచం మీద ఉట్నూర్ అవతలి ఊరి నుంచి వచ్చిన గోండు పెద్దాయన అదే కట్టుతో పడుకొని ఉన్నాడు. ఆయనకు తోడుగా వచ్చిన తమ్ముడు పగలంతా నేల మీద కూర్చొని, చేసే పనేమీ లేక, ఎదురుగా ఉన్న ఫిరంగి బొమ్మను చూసేవాడు. ఒకనాడు మామ వైపు తిరిగాడు.

"దాదా, గీ బొమ్మ నువ్వే ఏసినవంట?"

"ఊఁ."

"దొర బరోబరున్నడు. పొద్దుగాల గిట్ల నడిచిపోయిన దొరే. మల్ల మావోళ్లేరి?"

"కోట గోడ మీద చూడు. గాళ్లందరు మీవోళ్లే."

ఆయన లేచి, దగ్గరకు పోయి, ఒక్కొక్క తలనూ చూసి వచ్చాడు. "గీళ్లందరికి ఒక్కతే తల్లా?"

వార్డంతా నవ్వింది. "నవ్వియ్యకుండ్రయ్యా, కుట్లు తెగుతయ్!" అని బాపు అరుచుకుంటూ వచ్చాడు. నవ్వనివాడు మామ ఒక్కడే.

ఆ సాయంత్రం గంజి తాగిస్తుంటే నన్ను అడిగాడు. "గాయన అన్నది నిజమేనా సారూ? అందరు ఒక్క తీరే ఉన్నరా?"

ఆ బొమ్మల ముందు నిలబడి నేను ఎన్ని పాఠాలు చెప్పానో. ఆ సాయంత్రం మొదటిసారి చూశాను. అదే కన్ను, అదే ముక్కు, అదే మీసం, గోడ పొడుగునా.

"ఉన్నరు మామా."

"దొర ఒక్కనికే మొఖమున్నది."

"అవును."

"పగోనికి మొఖమిచ్చిన. మనోళ్లకు మీసాలిచ్చిన," అన్నాడు మామ. ఇక గంజి వద్దన్నాడు.

రాత్రి ఏమాలోచించాడో తెలియదు. పొద్దున్నే ఆ తమ్ముణ్ని పిలిచాడు. "ఇట్ల రా. నా చేతికందేటట్టు కూసో." ఆయన మంచం పక్కన గొంతుకూర్చున్నాడు. మామ తల కదల్చకుండా చెయ్యి మాత్రం చాపి, వేళ్లతో ఆ మొఖం మీద మెల్లగా నడిచాడు. నుదురు, కనుబొమ ఎముక, లోపలికి పోయిన చెంప, పోగు బరువుకు సాగిన చెవి.

"కితకితలవుతున్నయ్ దాదా!"

"కదలకు. గీ మచ్చేంది?"

"ఎలుగు. ఇప్పపువ్వు ఏరుతుంటె మీద వడ్డది."

"నువ్వేం జేసినవ్?"

"నేనేం జేస్త? అదే సగం పువ్వు తిని పోయింది."

మామ పెదవులు కదిలాయి. నవ్వకూడదని గుర్తొచ్చి బిగపట్టాడు. ఆ తర్వాత ప్రతి పొద్దునా అదే పని. వార్డు ఊడ్చేవాళ్లూ, రోగులను చూడవచ్చిన చుట్టాలూ మంచం పక్కన కూర్చొని తమ మొఖాలు ఇచ్చారు. మా బాపు చాలా రోజులు దూరంగా తిరిగి, ఒకనాడు ఎవరూ లేనప్పుడు వచ్చి వంగాడు. "జల్ది కానియ్యి, నాకు పనున్నది."

కట్టు విప్పిన నాడు దొరే వచ్చి, మందపాటి కళ్లజోడు అద్దం ఒకటి మామ కంటి ముందు పట్టాడు. మామ ఆయన మొఖాన్ని చాలాసేపు చూశాడు.

"ముక్కు గంత లేదు దొరా. నేనే జర గుంజిన."

"చెప్పిన గద!" అన్నాడు దొర, గెలిచినట్టు.

అప్పుడు గోండు తమ్ముడు అద్దం ముందుకు వచ్చాడు. మామ చెయ్యెత్తి ఆ మచ్చ మీద వేలు పెట్టాడు. "గీయన్ని నేనెరుగుదు," అన్నాడు.

సోడాబుడ్డి కళ్లద్దాలతో ఇంటికొచ్చి, ముందుగా గుట్ట యుద్ధం చెక్క మీది గుడ్డ లాగాడు. అదిరిపడి అత్తను పిలిచాడు. "గోదారికి గింత నీలం ఎవడేసిండే?"

"మీ తాత లేచొచ్చి ఏసిండు! నువ్వు గాక ఇంకెవడేస్తడు? నీలం చాలలే, చాలలే అనుకుంట ఎన్నిసార్లు పూసినవో యాదికున్నదా?"

కళ్లలో పొర పెరిగినకొద్దీ ఆయనకు లోకం పసుపుపచ్చగా మారిపోయింది. దాన్ని దాటడానికి నీలం మీద నీలం పూశాడు. ఆ నదిని అలాగే ఉంచేశాడు, వరదకు ఆ మాత్రం ఉండాలని. గుట్ట మీది మొఖాలన్నిటినీ మాత్రం బాకు లాంటి చిన్న ఉలితో గీకేశాడు. నా పలక, బలపం పట్టుకొని వారం వారం జరిగే అంగడిలో కూర్చున్నాడు. మగ్గం నేసే ఆయన వంగిన మెడ, కట్టెల మోపు దించిన మనిషి దవడ, అన్నీ పలక మీదికెక్కి ఇంటికొచ్చాయి. వాళ్ల తాత నేర్పిన ఆచారం ఒకటి మాత్రం నిలవలేదు. ఒకే పొద్దున అందరికీ కళ్లు పెట్టడం ఇక కుదరలేదు. ఒక్కొక్క కన్ను ఒక్కొక్క తీరు గనక ఒక్కొక్కరికి ఒక్కొక్క పొద్దు పట్టింది.

"మల్ల దొర?" అని అడిగాను. ఎర్ర కోటు కెప్టెన్ గుర్రం మీద వెనుదిరిగి ఉన్నాడు, మెడ తప్ప ఏమీ కనబడదు.

"పోయెటోడు ఎనుక నుంచే కనవడతడు," అన్నాడు మామ. ఆ మెడ మీది ఎర్రటి ముడతలు మాత్రం డాక్టరుగారివే.

చెక్క గోడకెక్కిన కొన్నాళ్లకు గోండు తమ్ముడు అంగడికి వచ్చి, మామతో కలిసి బడికి వచ్చాడు. పిల్లలు ఆయనను చూశారు, గోడను చూశారు, మళ్లీ ఆయనను చూశారు. మచ్చ చూసి ఒక పిల్ల బల్ల మీద నుంచి లేచి నిలబడింది. ఆయన చెక్క దగ్గరకు పోయి తనను తాను చూసుకున్నాడు. విల్లు పట్టుకొని, కొంచెం ముసలిగా, కొంచెం కోపంగా ఉన్నాడు.

"మా అన్నేడి?" అన్నాడు.

"మీ అన్న మొఖం నేను ముట్టలే గద. కట్టు ఉండె. తోల్కరా."

వచ్చే అంగడికి తీసుకొచ్చాడు. గుట్ట మీద అన్నకు చోటు దొరికింది. ఆ కబురు ఎట్లా పాకిందో, అంగడి నాడు మామ అరుగు ముందు మనుషులు నిలబడసాగారు. మా తాత గా లడాయిల ఉండెనట, నా మొఖం గాయన మొఖమేనంట, అని ఒకరు. మా ముత్తవ్వ రాళ్లు మోసిందంట, అని ఇంకొకరు. మామ ఎవరినీ నిజమా అని అడగలేదు, వెలుగు వైపు తిరిగి కూర్చోమన్నాడు.

అత్త తలుపు చెక్కకు ఆనుకొని ఆ వరుసను చూసింది. "గుట్ట నిండింది. ఇంక గీళ్లు యాడ నిలవడి కొట్లాడతరు?"

మామ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కుంచె నీళ్లలో కడిగాడు.

"చింతగింజలు నానెయ్యి," అన్నాడు. "ఇంకో చెక్కకు పూత వెట్టు."